చవక ఇయర్‌బడ్స్‌తో ఏడు రోజులు: నా అనుభవం

బడ్స్ బయటికి తీయగానే చేసిన మొదటి పని, వాటి అడుగున ఛార్జింగ్ చుక్కల మీద అంటించిన ప్లాస్టిక్ పొర పీకేయడం. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. అది ఉన్నంతసేపూ కేసులో పెట్టినా ఛార్జింగ్ ఎక్కదు. కొత్త జతలో ఒక బడ్ పనిచేయడం లేదని వాపసు పంపేముందు అక్కడ గోరుతో ఒకసారి గీరి చూడండి.

పెట్టె మీద రాసినవి: 13 మిల్లీమీటర్ల డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), ఒక్కో బడ్‌లో 40 ఎంఏహెచ్ బ్యాటరీ, కేసులో 400 ఎంఏహెచ్, ఒక ఛార్జింగ్‌కి 8 గంటలు, కేసుతో కలిపి 40 గంటలు, ఈఎన్‌సీ (కాల్స్‌లో రొద తగ్గించేది), గేమ్ మోడ్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించేది), ఐపీఎక్స్4 (నీళ్లకి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు). డ్రైవర్ సైజును నేను లెక్కలోకి తీసుకోను. 6 మిల్లీమీటర్ల డ్రైవర్ శుభ్రంగా పలకడమూ, 13ది మోతగా ఉండటమూ రెండూ మామూలే. మిగతావి ఒక్కొక్కటే తేల్చుకోవాలి, అదీ వాపసు గడువు దాటకముందే.

ముందు కేసు సంగతి. మూత తెరిచి తలకిందులుగా పట్టుకుని మెల్లగా దులిపాను, బడ్స్ రాలలేదు. అయస్కాంతం బలహీనంగా ఉంటే పిన్నులు సరిగా ఆనవు. పొద్దున చూస్తే ఒక బడ్ నిండి ఉంటుంది, రెండోది సగంలోనే ఆగి ఉంటుంది. తర్వాత పెట్టెలో ఇచ్చిన పొట్టి కేబుల్‌తో ఛార్జింగ్ పెట్టాను, ఎక్కింది. రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే మాత్రం లైటే వెలగలేదు. చవక కేసుల్లో తరచూ కనిపించే తంతు ఇది. టైప్-సి సాకెట్ పెడతారు కానీ, అవతల ఒక పరికరం ఉందని ఛార్జర్‌కి తెలియజేసే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండింటిని వదిలేస్తారు. అవి లేనిదే అలాంటి కేబుల్‌లోకి ఛార్జర్ కరెంటు వదలదు. కేసు పాడైనట్టు కాదు, పాతరకం యూఎస్‌బీ చివర ఉన్న కేబుల్‌తో నిక్షేపంగా పనిచేస్తుంది. అయినా ఎక్కడికెళ్లినా ఇంకో కేబుల్ మోయాలి కాబట్టి లోపం కిందే రాసుకున్నాను.

పాట పెట్టేముందు టిప్స్, అంటే చెవిలో దూరే మెత్తటి రబ్బరు తొడుగులు, కుదరాలి. ఇది సరిగా చేయకుండా శబ్దం గురించి ఏం చెప్పినా దండగే. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని 50 హెర్ట్జ్ శబ్దాన్ని తక్కువ వాల్యూమ్‌లో వదిలి, బడ్‌ను వేలితో కొద్దిగా లోపలికి నొక్కాను. నొక్కినప్పుడు గుమ్మనే మోత ఒక్కసారిగా పెరిగితే ఆ టిప్ చెవిని పూర్తిగా మూయట్లేదన్నమాట. గాలి పోయే సందుంటే ముందు కరిగిపోయేది బేసే. కుడి చెవికి మధ్య సైజు సరిపోయింది, ఎడమకి పెద్దది కావాల్సి వచ్చింది. రెండు చెవుల రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలని లేదు, రెండు వైపులా ఒకే సైజు వాడాలన్న నియమమూ లేదు. టిప్స్ కుదిరాక ఏదైనా నములుతూ మళ్లీ విన్నాను. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం మారుతుంది. కూర్చున్నప్పుడు బిగుతుగా ఉన్న బడ్ మాట్లాడుతుంటే జారేది అందుకే.

ఆ తర్వాత 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పెరిగే స్వీప్ విన్నాను. శబ్దం తల మధ్యలోనే నిలబడాలి. ఒక పక్కకి ఒరిగితే ముందుగా బడ్ జాలీలో గులిమి గానీ దుమ్ము గానీ ఉందేమో చూడాలి, ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఎడమ-కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో కూడా. 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య గరగర వినిపిస్తే డ్రైవర్ దగ్గర ఏదో వదులుగా ఉన్నట్టు, అప్పుడు జతను వాపసు పంపాల్సిందే. ఈ జతలో గరగర లేదు గానీ 7,000 హెర్ట్జ్ దగ్గర స్వరం చురుక్కుమంది. పాటల్లో స, ష అక్షరాలు ఈల వేసినట్టు వినిపించేది అక్కడే. ఈక్వలైజర్‌లో ఆ చోట 4 డెసిబెల్‌లు, 100 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్‌లు తగ్గించాక గొంతు ముందుకొచ్చింది. లేనిదాన్ని పెంచడం కన్నా ఎక్కువైనదాన్ని తగ్గించడమే మంచిది, చిన్న డ్రైవర్లలో పెంచితే శబ్దం చిట్లిపోతుంది.

పాత జతతో పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేయడం మర్చిపోకూడదు. ఒకటి రెండు డెసిబెల్‌లు ఎక్కువ మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) గురించి జనం పడేంత హైరానా నేను పడను. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ మార్చి మార్చి విన్నాను. టిప్ మార్చినప్పుడు వచ్చిన తేడాలో పదో వంతు కూడా లేదు.

కాల్స్ దగ్గర మాటలకూ చేతలకూ దూరం ఎక్కువ. ఈఎన్‌సీ అంటే మన చెవికి బయటి రొద వినపడకుండా చేసేది కాదు, అది ఏఎన్‌సీ పని. ఈఎన్‌సీ మన మైకులో పడిన రొదను తీసేసి గొంతును అవతలివాళ్లకి పంపుతుంది. దీన్ని బడ్స్ పెట్టుకున్నవాళ్లు తీర్పు చెప్పలేరు, అవతలి ఫోన్‌లో రికార్డు చేయించి వినాల్సిందే. వాయిస్ రికార్డర్ యాప్‌తో చేస్తే చాలా ఫోన్లు తమ మైకునే వాడతాయి, పరీక్ష వ్యర్థం. ఒకే పేరాను మూడు చోట్ల చదివాను: తలుపులు మూసిన గదిలో, ఫ్యాన్ కింద, నీళ్లు పడుతున్న కుళాయి పక్కన. గదిలో బాగుంది. ఫ్యాన్ కింద గొంతు పలచబడింది. కుళాయి దగ్గర రొద పోయింది, దాంతోపాటు మాటల చివరి అక్షరాలూ పోయాయి. పైగా మైకు తెరుచుకోగానే వినే నాణ్యత కూడా పడిపోతుంది. శబ్దం పాటలకి వాడే స్టీరియో దారిని వదిలి బ్లూటూత్ కాల్స్ దారికి మళ్లుతుంది, అక్కడ గొంతు సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌తోనే (సెకనుకి 8 వేలో 16 వేలో నమూనాలతో) వెళ్తుంది. కంప్యూటర్‌లో మీటింగ్ మొదలవగానే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారడం బడ్స్ లోపం కాదు. మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుంటే పాట తిరిగి మామూలవుతుంది.

ఫోన్‌లో పుట్టిన శబ్దం బడ్స్‌కి చేరడంలో జరిగే ఆలస్యాన్ని వీడియో చూసి కొలవకూడదు. వీడియో యాప్‌లు ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి బొమ్మను ఆపి చూపిస్తాయి. పియానో యాప్ తెరిచి, ఒక బడ్‌ను రెండో ఫోన్ మైకు పక్కన పెట్టి, రికార్డు చేస్తూ తెర మీద గోరుతో టక్కున కొట్టాను. రికార్డింగ్‌ను ఆడాసిటీలో (శబ్దాన్ని గీతలుగా చూపే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరిస్తే గోటి చప్పుడు ఒక ముల్లు, స్వరం మొదలయ్యేది ఇంకో ముల్లు. మధ్య దూరం 290 మిల్లీసెకన్లు. ఇదే పని ఫోన్ స్పీకర్‌తో చేస్తే 70 వచ్చింది, అది ఫోన్ సొంత ఆలస్యం. తీసేస్తే బడ్స్ వాటా 220. గేమ్ మోడ్‌లో 90కి దిగింది. ఆటలకి ఫర్వాలేదు, వాయిద్యం సాధన చేసేవాళ్లకి మాత్రం చాలదు. గేమ్ మోడ్ ఆన్‌లో ఉంటే శబ్దం తెగడమూ పెరిగింది. ముందే నిల్వ చేసుకునే శబ్దం తక్కువైనప్పుడు మధ్యలో ఒక ముక్క అందకపోతే సర్దుకునే వ్యవధి ఉండదు.

తెగడం పరీక్షించడానికి ఇల్లు సరైన చోటు కాదు. లోపల గోడలకి తగిలి తిరిగొచ్చే తరంగాలు సాయం చేస్తాయి. ఖాళీ మైదానంలో ఆ సాయం ఉండదు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మన ఒళ్లు బాగా పీల్చేస్తుంది. ఫోన్‌ను ఒకసారి కుడి వెనక జేబులో, ఒకసారి ఎడమ వెనక జేబులో పెట్టుకుని పది నిమిషాలు చొప్పున నడిచాను. కుడి జేబులో ఉంటే తెగలేదు, ఎడమ జేబులో అప్పుడప్పుడు తెగింది. ఫోన్ ఏ జేబులో పెట్టుకోవాలో తెలిసిపోయింది, అంతే.

ఇక 40 గంటల లెక్క. కేసులో 400, రెండు బడ్స్‌కీ కలిపి 80, అంటే ఐదుసార్లు నింపాలి కదా అనిపిస్తుంది. కేసు బ్యాటరీ 3.7 వోల్టులది. దాన్ని 5 వోల్టులకి పెంచడంలో పదీ పదిహేను శాతం వేడిగా పోతుంది. బడ్ లోపలి ఛార్జర్ ఆ ఐదును మళ్లీ 3.7 దగ్గరికి దించుతుంది, అక్కడ ఇంకో పాతిక శాతం. మిగిలేది సుమారు 260, అంటే మూడుంపావు సార్లు. 60 శాతం వాల్యూమ్‌లో పాటలు ఆపకుండా తిప్పితే ఎడమ బడ్ 5 గంటల 40 నిమిషాలకి, కుడిది 6 గంటల 10 నిమిషాలకి ఆగాయి. బ్లూటూత్‌లో ఫోన్‌తో ప్రధానంగా కలిసి ఉండే బడ్ ముందు అయిపోవడం సహజమే, తేడా గంట దాటితేనే అనుమానించాలి. కేసు మూడుసార్లు పూర్తిగా నింపింది, నాలుగోసారి మధ్యలో చేతులెత్తేసింది. జత మొత్తానికి దాదాపు 24 గంటలు. 40 కావాలంటే వాల్యూమ్ ఇంకా తగ్గించి, పైన చెప్పిన నష్టాలు లేని కేసు వెతుక్కోవాలి.

ఐపీఎక్స్4ని నేను నీళ్లు పోసి పరీక్షించలేదు. అది ఏ వైపు నుంచైనా చిలకరించే నీళ్లకి తట్టుకుంటుందని మాత్రమే, అదీ బడ్స్‌కే. ఎక్స్ ఉన్నచోట దుమ్ము సంగతి పరీక్షించలేదని అర్థం. చెమట తడితో కేసులో పెడితే కరెంటున్న పిన్నుల మీద తుప్పు త్వరగా పడుతుంది. తుడిచి పెట్టాలి, నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్దాలి.

చివరి రెండు రోజులు కేసును మూసి పక్కన పెట్టేశాను. తెరిచి చూస్తే బడ్స్ 100లోనే ఉన్నాయి, మూత మూసి ఉండగా ఫోన్‌కి వాటంతటవే కనెక్ట్ కాలేదు. జతను ఉంచుకున్నాను, పాటలకీ నడకకీ. కాల్స్‌కి మాత్రం వైరున్న ఇయర్‌ఫోన్ సంచిలోనే ఉంది, దాని పక్కన ఆ పొట్టి కేబుల్ కూడా.