ఈసెట్ మ్యాథ్స్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయంటే

ఈసెట్ (డిప్లొమా అయ్యాక నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే పరీక్ష) ర్యాంకు చూసుకున్న సంతోషంలోనే ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం, ఆమదాలవలస, చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఏడాది రాయబోయే డిప్లొమా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, టెన్త్‌లో లెక్కలంటే భయపడ్డవాళ్ళు ముఖ్యంగా చదవండి. 200 ప్రశ్నల్లో 50 మ్యాథ్స్‌వే. బ్రాంచి సబ్జెక్టు ఒక్కదాంతో నెట్టుకొద్దామంటే కుదరదు.

డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రావట్లేదంటారు చాలామంది. వాళ్ళ రఫ్ వర్కు చూస్తే, తేడా లాగరిథమ్స్ దగ్గర వచ్చి ఉంటుంది. ఉదాహరణకి: ఎక్స్ ఇంటూ డీవై బై డీఎక్స్, ప్లస్ 2వై, ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్. ముందు అంతటినీ ఎక్స్‌తో భాగించాలి. అప్పుడు పీ, అంటే వై ముందుండేది, 2 బై ఎక్స్, కుడివైపు ఎక్స్ స్క్వేర్. భాగించకుండా పీ అంటే 2 అనేసుకుంటే లెక్క అక్కడే పోయింది. పీని ఇంటిగ్రేట్ చేస్తే 2 లాగ్ ఎక్స్. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ (రెండు వైపులా గుణించాల్సినది) e పవర్ 2 లాగ్ ఎక్స్, అంటే ఎక్స్ స్క్వేర్. చాలామంది ఇక్కడ 2ఎక్స్ అని రాసేస్తారు. లాగ్ ముందున్న 2 లోపలికి పవర్‌గా వెళ్తుందని గుర్తుండకే ఇదంతా. సరిగ్గా చేస్తే ఎక్స్ స్క్వేర్ ఇంటూ వై, ఈక్వల్ టు ఎక్స్ పవర్ 5 బై 5, ప్లస్ సీ.

అందుకే చాప్టరు మళ్ళీ మొదట్నుంచీ చదవకండి. తప్పిన ప్రతి లెక్క పక్కనా ఎందుకు తప్పిందో ఒక్క మాట రాయండి: గుర్తు (ప్లస్, మైనస్), భిన్నం, లాగ్, ఫార్ములా. వారం తిరిగేసరికి ఏ మాట ఎక్కువసార్లు పడిందో తెలుస్తుంది. భిన్నం అయితే సిగ్గుపడకుండా ఏడో తరగతి పుస్తకం తీయండి. సూత్రం మీద అనుమానమొస్తే అంకెలు పెట్టి చూడండి: 9 ప్లస్ 16 మొత్తానికి వర్గమూలం 5, రెండిటికీ విడివిడిగా తీసి కలిపితే 7. రెండూ ఒకటి కాదుగా!

పార్షియల్ ఫ్రాక్షన్స్, మాత్రికలు అభ్యాసంతోనే వచ్చేస్తాయి. వీడియో ఎన్నిసార్లు చూసినా పెన్ను పట్టకపోతే చెయ్యి తిరగదు. రోజూ కూర్చోవాలి, పండగైనా సరే.

పరీక్షలో 180 నిమిషాలు, అంటే ప్రశ్నకి 54 సెకన్లు. ఇంటిగ్రేషన్ ప్రశ్నలో ఆప్షన్లని డిఫరెన్షియేట్ చేసి చూడటం ఒక్కోసారి త్వరగా తేలుతుంది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి రెండు నిమిషాల్లో మిగిలినవన్నీ గుర్తించేయండి.