26 వరుసల దారిలో చిన్న కారు

"అక్కా, నా పెద్ద బండి తీసుకెళ్లు. ఇక్కడ దీన్ని ఎవరూ చూడరు" అన్నాడు మా పిన్ని కొడుకు, వాకిట్లో ఆపిన నా అద్దె కారు చుట్టూ ఒకసారి తిరిగి. అమెరికాలో, హ్యూస్టన్‌కు పడమటి కొసన ఉన్న కేటీలో వాళ్ల ఇల్లు. చూడరు అంటే మెచ్చుకోరని కాదు, నిజంగానే ఎవరి కంటికీ ఆనదని వాడి భయం. పక్కింటి ముందున్న పికప్ ట్రక్కు పక్కన నా కారును నిలబెడితే దాని బానెట్ నా కిటికీ అద్దం కంటే ఎత్తుగా ఉంది.

నేను తీసుకున్నది మిత్సుబిషి మిరాజ్. 3.8 మీటర్ల పొడవు, టన్నుకు కాస్త తక్కువ బరువు, మూడు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజను, 78 హార్స్‌పవర్. తమ్ముడి మాట కాదని దీన్నే ఉంచుకోవడానికి నా కారణాలు నాకున్నాయి. పద్దెనిమిదేళ్లుగా నేను నడిపినవన్నీ చిన్న కార్లే. కారు నాలుగు మూలలూ ఎక్కడున్నాయో చూడకుండానే తెలియాలి నాకు. అలవాటు లేని ఎడమ సీటులో కూర్చుని, అలవాటు లేని కుడి వైపున, తెలియని ఊళ్లో నడపబోతున్నాను. కొత్తవి అప్పటికే చాలా ఉన్నాయి, కొలత తెలియని బండి కూడా వాటికి తోడవడం నాకిష్టం లేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు కేటీ ఫ్రీవే ఎక్కాను. ఇంటర్‌స్టేట్ 10లో ఈ భాగాన్ని వెడల్పు చేసే పని 2008లో పూర్తయింది. అన్నిటికంటే వెడల్పైన చోట రెండు వైపులా కలిపి, పక్కనుండే ఫీడర్ రోడ్లతో సహా 26 వరుసలు ఉంటాయి. ఈ అంకె ముందే విన్నాను. కానీ అంకె వినడం వేరు, హైవే మీదికి ఎక్కించే ర్యాంపు చివర కారు ముక్కు అటు తిప్పినప్పుడు కనిపించేది వేరు. ఒక నది పక్కగా నిలబడినట్టుంది. ఇంత వెడల్పు చేశాక కొన్నేళ్లకే మళ్లీ పొద్దున్నా సాయంత్రం రద్దీ పెరిగిందని ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. దారి పెరిగిందని జనం ఇంకా దూరంగా ఇళ్లు కట్టుకున్నారు, ఆ దూరమంతా మళ్లీ ఈ దారి మీదికే వచ్చింది. మా తమ్ముడి ఇల్లు కూడా అందులో ఒకటి.

చిన్న కారుకు అసలు పరీక్ష ర్యాంపు మీదే. హైవేపై హద్దు గంటకు 65 మైళ్లు, అంటే సుమారు 105 కిలోమీటర్లు. కుడి వరుసలో వచ్చే బండ్లు ఆ హద్దుకు పైనే ఉంటాయి. నా కారు ఆ వేగం అందుకునేలోగా నేను మనసులో పన్నెండు అంకెలు లెక్కపెట్టగలిగాను. పెద్ద ఇంజను ఉన్నవాళ్లు ర్యాంపు చివరికి వచ్చాక ఖాళీ చూసుకుంటారు. నాకు ఆ వీలు లేదు. అందుకే ర్యాంపు మొదట్లోనే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఏసీ ఆపేసి, ఇండికేటర్ వేసి, ఎడమ భుజం మీదుగా దూరంగా వచ్చే వరుసలో ఒక ఖాళీని ఎంచుకునేదాన్ని. ఏసీ ఆపడం వింతగా అనిపించవచ్చు గానీ 78 హార్స్‌పవర్‌లో కంప్రెసర్ తీసుకునే వాటా పాదానికి తెలుస్తుంది. ఇంజను గొంతు చించుకునేది. దాన్ని అలా అరిపించడానికి మొహమాటపడకూడదని రెండో రోజుకు అర్థమైంది. ర్యాంపు మీద మెల్లగా వెళ్లడమే ప్రమాదం. ఆ మెల్లదనం జాగ్రత్తలా కనిపిస్తుంది, అంతే.

తమ్ముడన్న "చూడరు" అనే మాట మొదటిరోజు ఊరి చుట్టూ తిరిగే బెల్ట్‌వే 8 దగ్గర అనుభవానికి వచ్చింది. రెండు పెద్ద దారులు కలిసే చోట వంతెనలు ఒకదానిపై ఒకటి ఐదంతస్తులుగా లేచి ఉంటాయి. ఎటు వెళ్లాలో చెప్పే పచ్చ బోర్డులు తలపైన ఉంటాయి గానీ, ముందు పెద్ద ట్రక్కు ఉంటే నా ఎత్తు నుంచి కనిపించేది దాని వెనక తలుపులే. బోర్డు కనిపించేసరికి నేనున్న వరుస బయటికి వెళ్లిపోయే వరుసని తేలింది. ఎడమకు జరుగుదామంటే పక్కనే సరుకు లారీ. ట్రైలరే 53 అడుగులు, నిండు బరువుతో 36 టన్నుల వరకు ఉండే రకం. నా ఇండికేటర్ వెలుగుతూనే ఉంది. ఆ డ్రైవరు నా వైపే రావడం మొదలుపెట్టాడు. మొరటుతనంతో కాదు, ఆయన లోకంలో నేను లేను, అంతే. హారన్ కొట్టి, బ్రేకు తొక్కి, ఆ వరుసతోపాటే బయటికి వెళ్లిపోయాను. గుండె కుదుటపడటానికి చాలాసేపు పట్టింది.

లారీకి ముందు ఆరేడు మీటర్లు, వెనక తొమ్మిది మీటర్లు, కుడి పక్కన రెండు వరుసల దాకా డ్రైవరుకు కనిపించని చోటు ఉంటుంది. నా కారు మొత్తం ఆ చీకట్లో పట్టిపోతుంది. ఆ రోజు నుంచి ఒకటే పట్టుకున్నాను: లారీ అద్దంలో డ్రైవరు ముఖం నాకు కనిపించాలి. కనిపించకపోతే ఆయనకు నేనూ కనిపించను. దాటాలంటే ఒక్క ఊపున దాటడం, దాటలేనంటే వెనక్కి తగ్గడం, పక్కపక్కన మాత్రం నడవకపోవడం. ముందున్న బండికి నాలుగు సెకన్ల దూరం వదిలితే పై బోర్డులు కూడా కనిపిస్తాయి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారు. దూరనివ్వడమే, మళ్లీ కాస్త వెనక్కి జరగడమే.

అలా పొరపాటున బయటికి వెళ్లిపోవడం వల్లే నాకు ఫీడర్ దొరికింది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే. హైవేకు రెండు పక్కలా, దానికి సమాంతరంగా, ఒక్క దిశలోనే సాగే రోడ్లను ఇక్కడివాళ్లు ఫీడర్ అంటారు. ఒక ఎగ్జిట్, అంటే హైవే దిగే దారి, తప్పినా గాభరా పడనక్కర్లేదు. తర్వాతి కూడలి వరకు ఫీడర్ మీద వెళ్తే, సిగ్నల్‌తో పని లేకుండా వంతెన కింద నుంచి వెనక్కి తిరిగే వరుస ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. నా చిన్న కారు ఆ మలుపులో ఎంత ఒడుపుగా తిరిగేదో.

భూమిని ఏ పనికి వాడాలో విడదీసే జోనింగ్ చట్టం లేని అమెరికా నగరాల్లో హ్యూస్టన్ అన్నిటికంటే పెద్దది. ఆ సంగతి పైన హైవే మీద తెలియదు, ఫీడర్ మీద తెలుస్తుంది. ఒక చర్చి, దాని పక్కనే టైర్ల దుకాణం, ఆ పక్కన అద్దాల మేడ, దాని వెనక వరుస ఇళ్లు. ఒక మధ్యాహ్నం ఇంటర్‌స్టేట్ 69 ఫీడర్ మీదుగా హిల్‌క్రాఫ్ట్ వెళ్లాను. భారతీయుల దుకాణాలున్న ఆ ప్రాంతానికి 2010లో మహాత్మాగాంధీ పేరు పెట్టారు. వెళ్తున్న దారిలో నీడ లేని బస్ స్టాపులో చంకన బిడ్డతో ఒకామె నిలబడి ఉంది. ఆమె దాటవలసిన రోడ్డు నాలుగు వరుసలు. నేను ఆగాను. నా వెనకవాళ్లు హారన్ కొట్టారు. ఆమె దాటాకే కదిలాను. ఆ ఊళ్లో నాకంటే చిన్నగా, ఎవరికీ కనబడకుండా తిరిగే మనుషులున్నారని అప్పటిదాకా నాకు తోచలేదు.

ఊరి విస్తీర్ణం 1,650 చదరపు కిలోమీటర్లకు పైనే. దాని చుట్టూ వలయాల మీద వలయాలు. లోపలి 610 లూప్ సుమారు 61 కిలోమీటర్లు. దాని బయట బెల్ట్‌వే 8 సుమారు 142 కిలోమీటర్లు. అంటే మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు కాస్త తక్కువ, కానీ ఇక్కడ అది నడిమి వలయం మాత్రమే. దాని బయట గ్రాండ్ పార్క్‌వే కడుతూనే ఉన్నారు, పూర్తయితే దాదాపు 300 కిలోమీటర్లు. మనకు ఊరంటే ఒక నడిబొడ్డు, అక్కడి నుంచి దూరం. ఇక్కడ ఎవరిని దారి అడిగినా "లూప్ లోపలా, బయటా" అనే మొదట అడుగుతారు.

నాలుగో రోజు వాన కురిసింది. ఆ ఊరి వాన గురించి తమ్ముడు గట్టిగా హెచ్చరించాడు. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ ప్రాంతంలో కొన్నిచోట్ల 1,000 మిల్లీమీటర్లకు పైగా పడింది. నేల బల్లపరుపుగా ఉంటుంది, హైవేలు చాలాచోట్ల నేల కంటే లోతుగా తవ్వి ఉంటాయి, వాన నీరు ముందుగా చేరేది అక్కడికే. వంతెనల కింద నీటి లోతు చూపే కొలబద్దలు పాతి ఉంటాయి. పొడి రోజుల్లో వాటిని చూసి ఎందుకా అనుకున్నాను. అడుగు లోతున పారే నీరు చాలా కార్లను లాక్కుపోగలదు. పెద్ద వాహనాలకైనా రెండడుగులు చాలు. ఆ రోజు లారీల చక్రాలు చిమ్మే నీటితో నా అద్దం మీద తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. వైపర్లు ఎంత వేగంగా తిరిగినా ఒక్క క్షణం మాత్రమే దారి కనిపించేది. మొదటి ఎగ్జిట్‌లో దిగి, ఫీడర్ పక్కన కాస్త మెరక మీదున్న పెట్రోలు బంకులో గంటన్నర ఆగాను. ఎదురుగా వంతెన కింద కొలబద్ద చుట్టూ నీరు మెల్లగా ఎక్కుతోంది. ఒక పికప్ ట్రక్కు అందులోంచి దూసుకుపోయింది. దాని వెనక ఒక సెడాన్ వచ్చి, అంచున ఆగి, వెనక్కి తిరిగింది. ఆ డ్రైవరు ఎవరో గానీ నాకు చేయెత్తి మొక్కాలనిపించింది.

చివరి రోజు గాల్వెస్టన్ బయల్దేరాను, హ్యూస్టన్ నడిబొడ్డు నుంచి ఆగ్నేయాన సుమారు 80 కిలోమీటర్లు. ఆ దారి పేరు గల్ఫ్ ఫ్రీవే. టెక్సస్‌లో కట్టిన మొదటి ఫ్రీవే ఇదే, తొలి భాగం 1948లో తెరిచారు. అంతకుముందు ఆ స్థలంలో కొంతమేర రెండు ఊళ్ల మధ్య నడిచే కరెంటు రైలు పట్టాలుండేవి. ఆ రైలు 1936లో ఆగిపోయింది. బస్ స్టాపులో బిడ్డతో నిలబడిన ఆమె గుర్తొచ్చింది నాకు. రైలు ఉండి ఉంటే అని దారి పొడవునా అనుకుంటూనే ఉన్నాను.

గాల్వెస్టన్ ద్వీపానికి చేర్చే పొడవాటి వంతెన మీద గాలి పక్క నుంచి కొట్టింది. తేలిక కారు ఒక అడుగు అటు జరిగింది. రెండు చేతులతో పట్టుకుని, వేగం తగ్గించి, పెద్ద వాహనం దాటినప్పుడల్లా గాలి ఒక్కసారి ఆగి మళ్లీ తగులుతుందని ముందే సిద్ధపడి నడిపాను. ఐదు రోజుల కిందట ఇది నా చేతనయ్యేది కాదు. ఊళ్లో సముద్రపు గోడ పక్కన కాసేపు ఆగాను. 1900 నాటి తుఫానులో కనీసం 6,000 మంది పోయాక కట్టిన గోడ అది.

ద్వీపం తూర్పు కొస నుంచి అవతలి ఒడ్డున ఉన్న బొలివార్‌కు ఫెర్రీ ఉంది. రాష్ట్ర రహదారి శాఖే నడుపుతుంది, టికెట్టు లేదు, కారుతో సహా ఉచితం. వరుసలో నా ముందు పికప్ ట్రక్కులు, పడవ లాగే బండ్లు, ఒక ఇల్లంత వ్యాను. ఒక్కొక్కటీ ఎక్కాయి. డెక్ నిండింది, ఇక తర్వాతిదే అనుకుని ఇంజను ఆపబోయాను. కమ్మీ పక్కన, వ్యాను ముందు కొంచెం చోటు మిగిలినట్టుంది. పసుపు చొక్కా వేసుకున్న ఫెర్రీ ఉద్యోగి ఒకసారి దాన్ని చూసి, వరుసంతా వెతికి, నన్ను వేలితో చూపించి రమ్మన్నాడు.

అంగుళం అంగుళం ముందుకు జరిపాను. ఆయన అరచేయి ఎత్తి ఆపాడు. కిటికీ దించితే పక్కనే నీళ్లు, పైన సీగల్ పక్షుల గోల. ఫెర్రీ కదిలిన కాసేపటికి కమ్మీకి కొంచెం దూరంలో రెండు డాల్ఫిన్ల వీపులు పైకి లేచి మునిగాయి. వెనక వ్యానులోని పిల్లలు చూడటానికి కిందికి దిగి పరిగెత్తుకొచ్చారు. నేను సీటులోంచి లేవలేదు, అక్కడి నుంచే బాగా కనిపిస్తోంది.