బెల్టు ఎప్పుడు మార్చారు?

ఒహైయోలోని కొలంబస్‌లో చదువుకునే మన పిల్లల మధ్య కార్లు ఎలా చేతులు మారతాయో చాలాకాలంగా చూస్తున్నాను. మాస్టర్స్ పూర్తయి టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉద్యోగం వచ్చిన అబ్బాయి, ఊరు వదిలే ముందు వాట్సాప్ గ్రూపులో కారు ఫోటోలు పెడతాడు. కొత్తగా దిగిన ఇంకో అబ్బాయి కొనుక్కుంటాడు. చదువు అయ్యాక అతనూ అమ్మేస్తాడు. టైర్లు ఎలా ఉన్నాయి, ఏసీ పనిచేస్తుందా, యాక్సిడెంట్ ఏమైనా అయిందా అని అందరూ అడుగుతారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు.

నా హోండా అకార్డ్ కూడా అలా వచ్చిందే. వి-6 ఇంజిన్. నాకు ముందు నడిపిన ఇద్దరూ తెలుగువాళ్ళే కాబట్టి ఫోన్ చేసి కనుక్కోవడం తేలికైంది. ఆయిల్ మార్పించిన రసీదులు ఉన్నాయన్నారు. బెల్టు సంగతి ఇద్దరికీ తెలియదు. అప్పటికి కారు లక్ష మైళ్ళు దాటింది, పదేళ్ళూ దాటాయి.

టైమింగ్ బెల్టు అంటే ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూతల వెనక ఉండే పళ్ళ రబ్బరు బెల్టు. కింద పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టులు కచ్చితంగా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది బెల్టే. ఈ ఇంజిన్‌లో పిస్టన్లు పైకొచ్చే చోటికే వాల్వులూ కిందికి దిగుతాయి, ఒకటి వచ్చేసరికి రెండోది తప్పుకుని ఉండాలి. బెల్టు తెగిందంటే పిస్టన్ పోయి వాల్వును కొడుతుంది, వాల్వులు వంగిపోతాయి. పాత కారయితే ఆ రిపేరు ఖర్చు కారు విలువనే మించిపోవచ్చు. ఇక ఐ-71 హైవే మీద ట్రక్కుల మధ్య వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోతే డబ్బు గురించి ఆలోచించే పరిస్థితి కూడా ఉండదు.

తెగే ముందు బెల్టు చప్పుడు చేసి చెప్పాలన్న నియమమేమీ లేదు. హోండాలో మెయింటెనెన్స్ మైండర్ అని ఒకటుంది, టైమొస్తే డ్యాష్ మీద 4 అనే కోడ్ చూపిస్తుంది. కానీ ఆయిల్ మార్చిన చోట ఎవరో ఒకరు అన్నీ కలిపి రీసెట్ చేసేస్తారు, ఆ తరవాత కొన్నవాడికి అది కనపడదు. ఈ ఇంజిన్లకు సాధారణంగా చెప్పే లెక్క 1,05,000 మైళ్ళు లేదా 7 ఏళ్ళు, ఏది ముందు వస్తే అది. తక్కువ తిరిగిన కారని మురిసిపోయేవాళ్ళు ఆ రెండో అంకెను మర్చిపోతారు. రబ్బరు పార్కింగ్‌లో ఉన్నా వయసుతో పాడవుతుంది. 43 డిగ్రీలు దాటే వేడిలో తరచూ నడిపే బండికి 60,000 మైళ్ళకే మార్చమని హోండా యజమానుల పుస్తకం చెబుతుంది. కువైట్‌లో, దుబాయ్‌లో పాత హోండా వి-6లు నడిపేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

వర్క్‌షాపులో అడిగితే వెయ్యి డాలర్లు పైమాటే అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. అందులో చాలా భాగం పని గంటల కూలి, ఆ పని చేశాక ఆ కూలి ఎంత న్యాయమో తెలిసింది. కానీ మూడు నాలుగు వేల డాలర్లకు కారు కొన్న విద్యార్థి ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు? అందుకే చాలామంది దేవుడి మీద భారం వేసి నడిపేస్తున్నారు. ఇంట్లో చేసుకోవచ్చో లేదో ముందు నా కారు మీదే చూద్దామనుకున్నాను.

మా అపార్ట్‌మెంట్ లీజులో పార్కింగ్‌లో కారు రిపేర్లు చేయకూడదని రాసి ఉంది. కొలంబస్ పక్కనే ఉన్న హిలియార్డ్‌లో ఇల్లు కొనుక్కున్న అన్న ఒకరు తన గరాజ్ ఇచ్చారు. ఆయన మా ఆఫీసులోనే టెస్టింగ్ చేస్తారు. వాళ్ళ నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా పనిచేశారు. చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డులో పానాలు అందించిన చెయ్యి కాబట్టి, బోల్టు తలను చూడగానే "పద్నాలుగు ఇవ్వు తమ్ముడూ" అనగలరు.

పార్టులకు ఐసిన్ కంపెనీ కిట్ తెప్పించాను. బెల్టు, వాటర్ పంపు, బెల్టును బిగువుగా ఉంచే హైడ్రాలిక్ టెన్షనర్, రెండు పుల్లీలు ఒకే పెట్టెలో వస్తాయి. నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి నమ్మకమైన పార్టుల దుకాణంలోనే కొనాలి. పంపు బాగానే ఉంది కదా, బెల్టు ఒక్కటే మారిస్తే చాలదా అని మా వదిన అడిగింది. సరైన ప్రశ్నే. ఈ ఇంజిన్‌లో పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. రేపు పంపు కారినా, పుల్లీ బేరింగ్ పట్టేసినా కొత్త బెల్టు కూడా దాంతోపాటే పోతుంది, మళ్ళీ ఇదంతా విప్పాలి. అందుకే విప్పినప్పుడే అన్నీ మార్చేయాలి.

పని మొత్తంలో కష్టమంతా ఒక్క బోల్టులో ఉంది. క్రాంక్ పుల్లీ మధ్యలో ఉండే 19 సైజు బోల్టు. కంపెనీలోనే గట్టిగా బిగిస్తారు, పైగా ఒహైయోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కిందిభాగమంతా తుప్పు పడుతుంది. బోల్టు తిప్పబోతే పుల్లీ కూడా తిరుగుతుంది కాబట్టి దాన్ని ఆపే 50 మిల్లీమీటర్ల పట్టుకారు కావాలి. ఇక్కడి పార్టుల దుకాణాల్లో ఇలాంటి పనిముట్లు డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఈ సౌకర్యం తెలిసినవాళ్ళు తక్కువ. పట్టుకారు కాడను కింద ఆనించి, పొడవాటి బ్రేకర్ బార్‌కి ఇనుప గొట్టం తొడిగి ఇద్దరం కలిసి నొక్కాం. తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి వదిలింది. ఆ చప్పుడుకి వదిన ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఇక్కడ ఒక మాట. బండి కింద జాకీ ఒక్కటే పెట్టి ఎవరూ చెయ్యి దూర్చకండి. స్టాండ్లు వేయాలి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటు విప్పేముందు ఆయిల్ పాన్ కింద చెక్క ముక్క పెట్టి ఇంకో జాకీతో ఇంజిన్ బరువు మోయించాలి.

మూతలు విప్పాక క్రాంక్ మీదా, రెండు క్యామ్ పుల్లీల మీదా హోండా వేసిన గుర్తులు వాటి వాటి చోట్లకు తెచ్చుకున్నాం. అన్న వాటి పక్కనే తెల్ల రంగుతో ఇంకో గీత పెట్టి, ఫోన్‌తో ఫోటోలు తీశారు. "గుర్తు పెట్టకుండా ఏదీ విప్పకు" అని వాళ్ళ నాన్నగారు చెప్పేవారట. బెల్టు తీయగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి వెనక వైపు క్యామ్ కొద్దిగా తిరిగిపోయింది. ఈ ఇంజిన్ల స్వభావమే అంత. పానాతో నెమ్మదిగా, బలవంతం లేకుండా గుర్తు దగ్గరికి తెచ్చుకుని అక్కడే పట్టి ఉంచాలి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు బెల్టు ఎక్కించాలి. అందుకే ఈ పనికి ఇద్దరుండాలని అంటాను.

వాటర్ పంపు బోల్టులు చిన్నవి, అల్యూమినియంలోకి వెళ్తాయి. 12 న్యూటన్ మీటర్లే బిగింపు. పెద్ద బోల్టుతో పోరాడిన చేత్తోనే వీటిని బిగిస్తే తెగిపోతాయి. బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. కారిన కూలెంట్‌ను పళ్ళెంలో పట్టి వెంటనే మూత పెట్టాలి. తియ్యగా ఉంటుంది, కుక్కలు పిల్లులు తాగితే చచ్చిపోతాయి.

అంతా ఎక్కించి టెన్షనర్ పిన్ను లాగేసరికి శనివారం రాత్రి తొమ్మిది దాటింది. విజయవాడలో ఆదివారం పొద్దున. అన్న వాళ్ళ నాన్నగారికి వీడియో కాల్ కలిపారు. ఆయన లుంగీ, బనీనుతో కాఫీ తాగుతూ కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఇంజిన్ చేత్తో తిప్పారా బాబూ?"

"ఇంకా లేదు బాబాయ్ గారూ."

"ఆరు చుట్లు తిప్పి మళ్ళీ గుర్తులు చూడండి. ఎక్కడైనా అడ్డం తగిలితే ఆపేయండి. తాళం జోలికి మాత్రం వెళ్ళకండి."

తిప్పాం. కొత్త బెల్టు మీద అచ్చువేసిన గీతలు రెండు చుట్లు దాటాక పుల్లీల గుర్తులతో కలవవు. మొదటిసారి చేసేవాళ్ళకు అక్కడే టెన్షన్ పుడుతుంది. ఆ గీతలు ఎక్కించేటప్పుడు వాడుకోవడానికే. తరవాత చూడాల్సింది పుల్లీల గుర్తులు, అవి మూడూ వాటి చోట్లకే వచ్చాయి. లారీ ఇంజిన్లు తప్ప ఎరగని మనిషి, వేల మైళ్ళ దూరం నుంచి మా పనిని ఒప్పుకుని "ఇక మూసేయండి" అన్నప్పుడు నాకు పెద్ద పరీక్ష పాసైనంత ఆనందం కలిగింది.

కూలెంట్ నింపి, హీటర్ ఫుల్లు పెట్టి గాలి బుడగలన్నీ పోయేదాకా నడిపాం. బెల్టు మార్చిన తేదీ, మైళ్ళు స్టిక్కరు మీద రాసి హుడ్ లోపల అంటించాను, కిట్ రసీదు కారు యాజమాన్యం చూపే టైటిల్ కాగితంతో పెట్టాను. నా తరవాత కొనేవాడు ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు.

ఈ సంగతి తెలిశాక మాకూ చేసి పెట్టండి, డబ్బులిస్తాం అని పిల్లలు అడుగుతున్నారు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాణ్ణి, నన్ను స్పాన్సర్ చేసిన కంపెనీలో తప్ప ఇంకెక్కడా డబ్బుకి పనిచేయకూడదు. అందుకే కిట్ తెచ్చుకోమంటాను, వాళ్ళ కారు పని వాళ్ళ చేతనే చేయిస్తాను, పక్కన నిలబడతాను.

ముందు మీ కారుకి బెల్టు ఉందో చైన్ ఉందో తెలుసుకోండి. 2003 నుంచి వచ్చిన నాలుగు సిలిండర్ల అకార్డ్‌కి చైన్, వి-6కి బెల్టు. హోండా ఒడిస్సీకి బెల్టు. టయోటా సియెన్నాకి 2006 వరకూ బెల్టు, 2007 నుంచి వి-6లో చైన్. బెల్టు ఉన్న కారు కొంటుంటే ఎప్పుడు మార్చారు, ఎన్ని మైళ్ళ దగ్గర మార్చారు, పంపు కూడా మార్చారా అని అడిగి రసీదు చూపించమనండి. రసీదు లేకపోతే మార్చనట్టే లెక్క, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని మొహమాటం లేకుండా అడగండి.