అక్కతో అరుణాచలం

బావ పెద్దకర్మ అయిపోయి ఎవరి ఊళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాక, ఒక రాత్రి పదకొండు దాటాక అక్క ఫోన్ చేసింది. "ఆయన చొక్కా ఇంకా హ్యాంగర్‌కే ఉందిరా" అంది. ఇంకా ఏదో చెప్పబోతోంది, నేను చెప్పనివ్వలేదు. "అక్కా, ఈ శరీరమే ఒక చొక్కా. వాసాంసి జీర్ణాని అని గీత రెండో అధ్యాయంలో ఉన్నది అదే కదా. పోయిందెవరు, ఏడుస్తున్నదెవరు, ముందు అది చూసుకో" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "సరేరా, పడుకో" అని పెట్టేసింది.

ఆ తర్వాత ఏడాది పాటు మామూలుగానే మాట్లాడింది. పిల్లల చదువులు, అమ్మ బీపీ, ఇంటి పనులు అన్నీ చెప్పేది. బావ మాట మాత్రం నా దగ్గర ఎత్తలేదు. అక్క తేరుకుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను చెప్పిన మాట పనిచేసింది అని కూడా అనుకున్నాను.

అప్పటికి పదేళ్ళుగా నాకు అద్వైతం, అంటే ఉన్నది ఒక్కటే, రెండోది లేదన్న తత్వం, తప్ప వేరే ధ్యాస లేదు. చదివింది అదే, విన్నది అదే, పొద్దున్నే గంటసేపు కళ్ళు మూసుకుని "నేను ఎవరు" అని చూసుకునేది అదే. నాన్న పోయినప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు. చుట్టాలంతా ఎంత నిబ్బరమో అన్నారు, నేను దానికి జ్ఞానం అని పేరు పెట్టుకున్నాను. లోపల ఏదో బిగుసుకుపోయి ఉన్న సంగతి తెలియక కాదు. అది కూడా అనాత్మే, ఆత్మ కానిదే కదా, దాని జోలికి పోవడం ఎందుకు అని వదిలేశాను.

ఏడాది తిరిగాక అక్క అడిగింది, "నన్ను ఒకసారి అరుణాచలం తీసుకెళ్తావా?" అని. నేను అప్పటికే నాలుగైదుసార్లు వెళ్ళొచ్చాను. అక్కకు అదే మొదటిసారి.

ముందు రమణాశ్రమానికి తీసుకెళ్ళాను. మాతృభూతేశ్వరాలయం దగ్గర నాకు తెలిసిందంతా చెప్పాను. ఇది రమణ మహర్షి తల్లి అళగమ్మ సమాధి, ఆవిడ 1922 మే 19న పోయారు, ఆ రోజంతా ఆయన పక్కనే కూర్చుని ఒక చెయ్యి గుండె మీద, ఇంకో చెయ్యి తల మీద పెట్టి ఉంచారు, అలా ఆవిడ వాసనలన్నీ, అంటే జన్మల సంస్కారాలన్నీ, హృదయంలో లయమై ముక్తి కలిగింది అంటారు, అన్నాను. అక్క అంతా విని, "రోజంతా చెయ్యి తియ్యలేదా?" అని అడిగింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా, అన్నాను. "పాపం, నొప్పి పుట్టి ఉంటుంది" అని సమాధికి దణ్ణం పెట్టుకుంది. నేను ముక్తి గురించి చెప్తుంటే అక్క ఆయన చెయ్యిని చూసింది. ఇన్నిసార్లు వచ్చాను, ఆ చెయ్యి నాకెప్పుడూ కనపడలేదు. పదహారేళ్ళ వయసులో ఇల్లూ తల్లీ వదిలేసి 1896 సెప్టెంబర్ 1న ఈ కొండ దగ్గరికి చేరిన మనిషి, తనకు వేరుగా ఇంకొకటి లేదని తెలుసుకున్న మనిషి, తల్లి ప్రాణం పోతుంటే అక్కడి నుంచి కదల్లేదు.

ఆశ్రమంలోనే లక్ష్మి అనే ఆవు సమాధి ఉంది. అది 1948లో చనిపోయింది, దానికీ ఆయన అలాగే చెయ్యి పెట్టారు. కుక్కకూ, కాకికీ, జింకకూ కూడా అక్కడ సమాధులున్నాయి. అక్క ఒక్కొక్క దాని దగ్గరా ఆగింది.

సాయంత్రం పారాయణలో కూర్చున్నాం. అరవం అక్కకు రాదు, నాకు వచ్చింది అంతంతమాత్రం. కానీ వాళ్ళు చదువుతున్న అక్షరమణమాల, రమణులు అరవంలో రాసిన స్తోత్రం, దాని సంగతి నాకు తెలుసు. 108 పద్యాలు, ఆయన విరూపాక్ష గుహలో ఉన్న రోజుల్లో భక్తులు భిక్షకు వెళ్తూ పాడుకోవడానికి రాసినవి. అందులో ఆయన అరుణాచలాన్ని ప్రియుణ్ణి పిలిచినట్టు పిలుస్తారు, నిలదీస్తారు, బతిమాలతారు, నన్ను రప్పించుకుని ఇప్పుడు వదిలేస్తావా అని అలుగుతారు. కొండ చుట్టూ నడుస్తూ కట్టిన పద్యాలున్నాయి అందులో, అప్పుడు ఆయన కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారేవని చెప్తారు. ఇది ఇంతకుముందు నాకు మింగుడుపడేది కాదు. ఉన్నది ఒక్కటే అయితే ఎవరు ఎవరిని పిలుస్తున్నట్టు? ఏదో భక్తుల కోసం రాశారులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి, భక్తి కింది మెట్టు అనీ జ్ఞానం పై మెట్టు అనీ నాకు నేనే ఒక నిచ్చెన వేసుకుని. ఆ సాయంత్రం అక్క పక్కన కూర్చుని వింటుంటే ఆ సర్దుబాటు నాకే తేలిపోయినట్టు అనిపించింది. అంత వేడితో రాసింది వేరేవాళ్ళ కోసం కట్టిన మాటల్లా వినపడదు.

మర్నాడు పొద్దున ఆశ్రమం వెనక నుంచి రాళ్ళ దారిలో కొండెక్కాం. రమణులు కొన్నాళ్ళు ఉన్న స్కందాశ్రమంలో కాసేపు కూర్చుని కిందికి దిగి విరూపాక్ష గుహకు వచ్చాం. 1899 నుంచి 1916 దాకా ఆయన ఉన్నది అక్కడే. సంస్కృత పండితుడు, మన కావ్యకంఠ గణపతి ముని 1907లో కొండెక్కి వచ్చి ఆయన పాదాలు పట్టుకుని, తర్వాత ఆయనకు భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది అక్కడే. లోపల చీకటిగా, వెచ్చగా ఉంటుంది. బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక, అక్కకు పనికొస్తుంది కదా అని రమణుల భక్తురాలు ఎచ్చమ్మాళ్ కథ ఎత్తాను.

ఆవిడకు భర్త పోయాడు, కొడుకు పోయాడు, తర్వాత మిగిలిన కూతురూ పోయింది. ఎక్కడికి వెళ్ళినా మనసు కుదుటపడక, చివరికి ఎవరో చెప్తే ఈ కొండెక్కి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, ఆవిడా మాట్లాడలేదు. గంటసేపు అలా నిలబడి కొండ దిగేసరికి గుండెలో బరువు దిగిపోయింది. ఇక ఇక్కడే ఉండిపోయి, చనిపోయేదాకా రోజూ ఆయనకు అన్నం వండి తెచ్చింది. నేను ఎవరికి చెప్పినా ఈ కథ ఇక్కడితో ఆపేస్తాను.

"తర్వాత?" అంది అక్క.

తర్వాత కూడా ఉంది. చదివినా ఎప్పుడూ చెప్పను, ఎందుకంటే అది నా లెక్కలో ఇమడదు. ఎచ్చమ్మాళ్ ఒక పిల్లను పెంచుకుంది, పెళ్ళి చేసింది, ఆ పిల్ల ఒక మగబిడ్డను కంది. ఒకరోజు ఉన్నట్టుండి ఆ పిల్ల పోయిందని టెలిగ్రామ్ వచ్చింది. ఎచ్చమ్మాళ్ ఆ కాగితం పట్టుకుని కొండ మీదికి పరిగెత్తుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ అక్కడికి వెళ్ళి తిరిగొచ్చి, తల్లి లేని ఆ పసివాణ్ణి ఆయన చేతుల్లో పెట్టినప్పుడు మళ్ళీ ఆయన కళ్ళు నిండాయి.

అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను, ఎందుకంటే చెప్తూ చెప్తూనే నాకు ఆ రాత్రి ఫోన్ గుర్తొచ్చింది. ఆయన చేతికి టెలిగ్రామ్ వస్తే చదివి ఏడ్చారు. నా చేతికి అక్క ఒక చొక్కా ఇస్తే నేను శ్లోకం అప్పజెప్పాను. నాకున్నది జ్ఞానం అయితే ఆయనకున్నది ఏమిటి? రెండోది లేదు, రెండోది లేదు అని పదేళ్ళు జపించి, ఏడుపును మాత్రం రెండోదాన్ని చేసి గుమ్మం బయట నిలబెట్టాను. నాదే కాదు, అక్కది కూడా.

కొండ దిగుతూ ఉండబట్టలేక అన్నాను, "అక్కా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. నీ బాధ వేరు, నా బాధ వేరు కాదు. నీ బాధ నా బాధే." మనస్ఫూర్తిగానే అన్నాను. అక్క తలూపింది, అంతే.

ఆ రాత్రి గిరి ప్రదక్షిణ మొదలుపెట్టాం. పౌర్ణమి కాదు, జనం పలచగా ఉంటారని మామూలు రోజే ఎంచుకున్నాం. మొత్తం 14 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. రాజగోపురం దగ్గర కర్పూరం వెలిగించి బయల్దేరాం. దారి పొడుగునా ఎనిమిది దిక్కులకూ ఒక్కో లింగం గుడి ఉంటుంది. ఇంద్ర లింగం, అగ్ని లింగం, యమ లింగం దాకా అక్క నాకంటే చురుగ్గా నడిచింది. నైరుతి లింగం దాటిన కాసేపటికి, దారి పక్కన కూర్చుందామని రెండడుగులు పక్కకు వేసి, అబ్బా అని ఆగిపోయింది. ముల్లు.

అరుగు మీద కూర్చోబెట్టి పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. అక్క తన చీరకున్న పిన్నీసు తీసిచ్చింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే మడమ నిండా పగుళ్ళు, పగుళ్ళలో దుమ్ము, బొటనవేలి కింద తోలు గట్టిపడి పసుపురంగులో ఉంది. అక్క పాదం నేనెప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు. ఎక్కడెక్కడో నల్లగా ఉంది, ఏది ముల్లో ఏది మట్టో తెలియడం లేదు. పిన్నీసుతో ఒకచోట కదిపితే అది మట్టి.

"నీ బాధ నా బాధే అన్నావు కదా" అంది అక్క. కోపంగా కాదు, చాలా మెల్లగా. "మరి ఎక్కడ గుచ్చుకుందో నీకు తెలియాలి కదరా."

నాకు తెలియలేదు. తెలిసే దారి కూడా లేదు. పాదం అక్కది, నొప్పి అక్కది. తత్వం మాటతో దాన్ని ఇందాక నాది చేసేసుకున్నానే గానీ, ఆ ముల్లు ఎక్కడుందో అక్కకే తెలుసు. అడగడం ఒక్కటే నాకున్న దారి. "ఇక్కడా అక్కా?" కాదు. "ఇంకొంచెం పైనా?" పైన. "ఇక్కడ నొక్కితే?" అబ్బా, అదే. అలా అడుగుతూ అడుగుతూ, పుట్టుమచ్చంత చుక్క ఒకటి దొరికింది. పిన్నీసు మొన ఆనించి పక్కనుంచి మెల్లగా ఎత్తాను. అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. ముల్లు వచ్చింది, వెనకే చిన్న రక్తపు బొట్టు. దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకుని కూర్చున్నాను.

ఆ కాసేపు నాకు అద్వైతం గుర్తు లేదు. అక్క వేరు, నేను వేరు అన్నది అంత స్పష్టంగా నాకెప్పుడూ తెలియలేదు, అయినా అక్కకు నేను అంత దగ్గరగా ఎప్పుడూ లేను. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో నేను వివరించలేను. భావాద్వైతం, క్రియాద్వైతం అని ఒక పాత సంస్కృత శ్లోకంలో ఉంది, దాన్నే రమణులు తన ఉన్నది నలుబది అనే నలభై పద్యాల పుస్తకానికి చేర్చిన అనుబంధంలో అరవంలో పెట్టారు. అద్వైతాన్ని ఎప్పుడూ హృదయంలో ఉంచుకో, చేతల్లోకి మాత్రం తేవద్దు అని. ఇన్నాళ్ళూ నేను దాన్ని ఏదో ఆచారానికి సంబంధించిన జాగ్రత్త అనుకునేవాణ్ణి. నేను చేసింది సరిగ్గా దానికి తిరగేసిన పని. హృదయంలో ఏమీ లేదు, నోట్లో మాత్రం అద్వైతం ఉంది. పక్క మనిషి ఏడుస్తుంటే ఆ మాట వాడి తప్పుకున్నాను. పరమార్థంలో, అంటే చివరి సత్యంలో, చావు లేదన్నది అబద్ధమని నేనిప్పటికీ అనుకోవడం లేదు, నేను ఎవరు అన్న విచారణ మానేయనూ లేదు. కానీ వ్యవహారంలో, రోజువారీ బతుకులో, అడిగినదానికి పరమార్థంలో జవాబు చెప్పడం, అవతలివాళ్ళను నోరు మూయించడమే అవుతుంది. అక్క ఆ రాత్రి నన్ను తత్వం అడగలేదు.

ఆ తర్వాత మెల్లగా నడిచాం. వరుణ లింగం, ఆది అణ్ణామలై గుడి, వాయు లింగం. అక్క నా మోచెయ్యి పట్టుకుని, నొప్పి ఉన్న కాలు అంచు మీద ఆన్చి నడిచింది. కుబేర లింగం దాటాక ఇడుక్కు పిళ్ళైయార్ అనే వినాయకుడి గుడి వస్తుంది. అందులో సందు ఎంత ఇరుకంటే ఒక మనిషి ఒరిగి పాక్కుంటూ బయటికి రావాలి, ఇద్దరు పట్టరు. నేను ముందు వచ్చేసి ఇటువైపు నిలబడి చెయ్యి అందించాను. "ఉండు, నేనే వస్తా" అని లోపల నుంచి అంది. వచ్చింది.

ఈశాన్య లింగం దగ్గరికి వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. దణ్ణం పెట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాం. కొండ ఇంకా నల్లగానే ఉంది, అంచు మాత్రం తేలుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు ఊరుకుని, చివరికి అడిగేశాను.

"అక్కా, ఆ చొక్కా ఏ రంగుది?"

ఏ చొక్కా అని అక్క అడగలేదు. ముందు కొంగుతో మొహం తుడుచుకుంది.

"లేత నీలం. నిలువు గీతలు ఉంటాయి, దగ్గరికెళ్తే గానీ కనపడవు. రెండో బొత్తాం ఊడిపోతే నేనే కుట్టాను, తెల్లదారం అయిపోయిందని గోధుమరంగు దారంతో కుట్టేశాను. ఎవరు చూస్తారులే అన్నాను. ఆయనేమో నువ్వు చూస్తావుగా అన్నారు..."