ప్లాటర్ తప్పుగా కోస్తుంటే ముందు పెన్ను పెట్టి చూడండి

మా అనంతపురంలో కొత్తగా రేడియం షాపు పెట్టుకుని, అందులోకి ఒక చిన్న కటింగ్ ప్లాటర్ (కంప్యూటర్ పంపిన గీత వెంట స్టిక్కర్ ఫిల్మును బ్లేడుతో కోసే యంత్రం) తెచ్చుకున్న కుర్రవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, ప్రెషర్ ఎంత పెట్టల్ల?" అక్షరం తెగకపోతే ప్రెషర్ పెంచుతారు, మూల సరిగా రాకపోతే పెంచుతారు, సున్నా కలవకపోతే ఇంకా పెంచుతారు. మామూలు సైన్ వినైల్‌కు, అంటే బోర్డులకు వాడే స్టిక్కర్ ఫిల్ముకు, 80 నుంచి 120 గ్రాముల ఒత్తిడి సాధారణంగా సరిపోతుంది. దాన్ని దాటి పెంచుకుంటూ పోతే తెగని చోటు తెగడం అటుంచి, వెనుక కాగితం చిరుగుతుంది, బ్లేడు మొన విరుగుతుంది, అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టే దారి కూడా మూసుకుపోతుంది. నా దృష్టిలో ప్రెషర్ అన్నిటికంటే చివర ముట్టుకోవలసినది. అంతకు ముందు, లోపం బ్లేడులో ఉందా, ఫిల్మును నడిపే రోలర్లలో ఉందా, లేక కంప్యూటర్ పంపుతున్న గీతలోనే ఉందా అన్నది తేల్చుకోవాలి.

ఇది తేల్చడానికి కొత్తగా ఏదీ కొననక్కరలేదు. చాలా ప్లాటర్లతో పాటు బ్లేడు హోల్డరు స్థానంలో సరిగ్గా ఇమిడే పెన్ను ఒకటి వస్తుంది. దాన్ని చాలామంది పెట్టె లోపలే వదిలేస్తారు. ఈ యంత్రాలు వాడే హెచ్‌పీజీఎల్ అనే ఆదేశ భాషను హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ పెన్నుతో గీసే ప్లాటర్ల కోసమే తయారుచేసింది కాబట్టి, పెన్ను ఈ యంత్రానికి కొత్త కాదు. బ్లేడు తీసి పెన్ను బిగించి, వినైల్ బదులు తెల్ల కాగితం పెట్టి, ఇందాక చెడిపోయిన అదే ఫైలును మళ్లీ పంపండి. కాగితం మీద బొమ్మ శుభ్రంగా వస్తే తప్పు బ్లేడు వైపున ఉన్నట్టు. కాగితం మీద కూడా అదే వంకర వస్తే బ్లేడును ఎంత మార్చినా ప్రయోజనం లేదు. ఒక్క విషయం మాత్రం గమనించాలి: పెన్నుతో గీసినప్పుడు ప్రతి మూల దగ్గరా చిన్న చెవిలాంటి వంపు కనిపిస్తే అది లోపం కాదు, సాఫ్ట్‌వేర్ బ్లేడు కోసం కలుపుతున్న సవరణ.

ఆ సవరణను ఆఫ్‌సెట్ అంటారు. బ్లేడు మొన హోల్డరు నడి మధ్యలో ఉండదు. కుర్చీ కింద తిరిగే చక్రం లాగా కాస్త వెనుకగా లాగబడుతూ వస్తుంది. ఆ దూరం చాలా బ్లేడులకు 0.25 మిల్లీమీటరు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో అంతకంటే తక్కువ ఇస్తే చతురస్రం మూలలు గుండ్రంగా వస్తాయి, సున్నా మొదలైన చోటుకు తిరిగి వచ్చి కలవదు. ఎక్కువ ఇస్తే మూలలు బయటికి పొడుచుకు వస్తాయి. కొన్ని యంత్రాలలో ఈ అంకె ప్యానెల్‌లోనూ ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. రెండు చోట్లా ఇస్తే సవరణ రెండింతలవుతుంది కనుక ఒకచోట ఇచ్చి, రెండో చోట సున్నా పెట్టాలి. అంకె సరిగానే ఉండి కూడా మూలలు గుండ్రంగా వస్తుంటే హోల్డరు విప్పి చూడండి. బ్లేడు కూర్చునే బేరింగులో వెంట్రుక మందాన వినైల్ పీచు ఇరుక్కున్నా బ్లేడు తిరగడం మానేస్తుంది. అప్పుడు నిలువు గీతలు చక్కగా తెగి, మలుపులు మాత్రమే చెడతాయి.

మొన ఎంత బయటికి ఉండాలన్నది చేతితోనే తెలుసుకోవచ్చు. హోల్డరును పెన్నులాగా పట్టుకుని ఒక వినైల్ ముక్క మీద గట్టిగానే గీయండి. ఫిల్ము తెగి, వెనుక కాగితం మీద గోటి గీతంత గుర్తు మాత్రమే పడాలి. మామూలు వినైల్ మందం 70, 80 మైక్రాన్లే కాబట్టి కంటికి మొన ఉందా లేదా అన్నట్టు ఉంటే చాలు. ఇంత సరిచేసిన తరువాత కూడా షీటులో ఒకే నిలువు వరుసలో మాత్రమే తెగడం లేదంటే, బ్లేడు కింద అడ్డంగా అతికించి ఉండే పట్టీ మీద వేలు పెట్టి చూడండి. అక్కడ గాడి పడి ఉంటుంది. లోతుగా కోసి కోసి ఆ గాడి పడినదే. పట్టీ మార్చడం తప్ప దానికి వేరే మందు లేదు.

పెన్ను గీత కూడా వంకరగా వస్తే ప్యానెల్ మీది టెస్ట్ బటన్‌తో, కంప్యూటర్ కేబుల్ పీకేసి, యంత్రం తనంతట తాను గీసే చిన్న బొమ్మను గీయించాలి. అది సరిగా వచ్చి పొడుగు పనులు మాత్రమే పక్కకు జరుగుతుంటే, పైన ఒత్తే పించ్ రోలర్లు కింది గరుకు రోలరు భాగాల మీద సరిగ్గా కూర్చున్నాయా, రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉందా చూడాలి. అంతకంటే తరచుగా కనిపించే కారణం బరువైన రోల్. నిండు రోల్‌ను యంత్రమే లాక్కోవలసి వస్తే ఫిల్ము జారి, చివరి అక్షరాలు ముందున్నవాటి మీదికి ఎక్కుతాయి. పనికి ఎంత పొడవు కావాలో అంత ముందే విప్పి వదులుగా వేలాడదీసి, బాణం బటన్లతో ఆ పొడవంతా ఒకసారి ముందుకూ వెనక్కూ నడిపించి చూసి, తరువాతే కోత మొదలుపెట్టాలి.

ఇక కంప్యూటర్ వైపు లోపాలలో మా ఊరికి ప్రత్యేకమైనది ఒకటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా ఇది. పొడి గాలిలో రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వినైల్ రోల్ విప్పుతుంటే ముంజేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. యంత్రం ఇనుప అంచు తగిలితే వేలికి చురుక్కుమంటుంది. ఆ చురుకే యూఎస్‌బీ కేబుల్‌కు తగిలితే, కంప్యూటర్ నుంచి పరికరం ఊడిపోయినప్పటి శబ్దం ఒకటి వచ్చి, ప్లాటర్ తల అక్షరం మధ్యలో బ్లేడు దించుకునే ఆగిపోతుంది. ఎదురుగా ఆటో అబ్బాయి నిలబడి "ఏమన్నా, ఇంగా కాలేదా, కదిరికి బాడుగుంది" అంటుంటాడు. "కూర్చో తమ్ముడూ, ఇంగొక షీటు తీస్తా" అనడం తప్ప అప్పుడు చేయగలిగింది లేదు.

ఫైలు తప్పా, ఈ కరెంటు తప్పా అన్నది తేల్చడం సులభం. అదే ఫైలును మళ్లీ పంపినప్పుడు సరిగ్గా అదే చోట ఆగితే తప్పు ఫైలులో ఉంది. ప్రతిసారీ వేరే చోట ఆగితే కేబుల్, ఎర్తింగ్, పోర్టు సెట్టింగులను అనుమానించాలి. పాత కట్టడాల్లోని షాపులలో మూడు పిన్నుల సాకెట్టు ఉంటుంది కానీ మూడో రంధ్రానికి వెనుక తీగ ఉండదు. ఉన్నచోట కూడా ఎండాకాలంలో ఎర్త్ గుంత చుట్టూ మట్టి ఎండిపోయి అది ఉన్నా లేనట్టే అవుతుంది. వారానికి ఒకసారైనా ఆ గుంతలో నీళ్లు పోయడం మంచిది. మల్టీమీటరుతో న్యూట్రల్, ఎర్త్ మధ్య చూస్తే రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కేబుల్ పొట్టిగా ఉండాలి, రోల్‌ను నిదానంగా విప్పాలి, కోతకు ముందు నేల తడిగుడ్డతో తుడిస్తే కొంత మేలు కనిపిస్తుంది. కొన్ని ప్లాటర్లు యూఎస్‌బీ తీగతో వచ్చినా లోపల పాత సీరియల్ పద్ధతిలోనే మాట్లాడతాయి. తీగను వేరే రంధ్రానికి మారిస్తే విండోస్ కొత్త కామ్ నంబరు (పోర్టు సంఖ్య) ఇస్తుంది, సాఫ్ట్‌వేర్ పాత నంబరుకే పంపుతూ ఉంటుంది, యంత్రం కదలదు. కాబట్టి రంధ్రం మార్చకపోవడం ఉత్తమం.

ఇంగ్లీషులో రాసిన సూచనలు చదివి పని నేర్చుకున్నవారికి దొరకని సంగతి మన అక్షరాలది. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు విడివిడిగా నిలబడతాయి. "శ్రీ లక్ష్మీ" అని కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, రంగు లేకుండా గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్‌లో చూడండి: శ చుట్టూ తిరిగే రావత్తు ఒక గీత, గుడిదీర్ఘం ఒక గీత, క్ష కింది మావత్తు ఇంకొక గీత, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తెర మీద నల్లగా నింపినప్పుడు అంతా ఒకే అక్షరంలా కనిపిస్తుంది, ప్లాటర్ మాత్రం ప్రతి గీతనూ కోసుకుంటూ పోతుంది. తీరా చెత్త, అంటే అక్షరాల చుట్టూ మిగిలిన ఫిల్ము, పీకేటప్పుడు వత్తు ఊడి చేతికి వస్తుంది, తలకట్టు కింద ముక్క మిగులుతుంది. అనూ ఫాంట్లలోనూ ఇదే, రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లలోనూ చాలాచోట్ల ఇదే. అక్షరాలను కర్వ్‌లుగా (మామూలు గీతలుగా) మార్చి, ఎంచుకుని, వెల్డ్ చేయాలి, అంటే ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలను కలిపి ఒకే బయటి గీతగా చేయాలి. ఇంక్‌స్కేప్ వాడేవారికి అదే పని యూనియన్ అనే ఆదేశం చేస్తుంది. కొందరు వెల్డ్ బదులు కంబైన్ నొక్కుతారు. అది చేస్తే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోటల్లా బొక్కలు పడతాయి, ముందుకంటే పని చెడుతుంది. వెల్డ్ అయిన తరువాత మళ్లీ వైర్‌ఫ్రేమ్‌లో చూసి, అక్షరం లోపల ఒక్క గీత కూడా మిగలలేదని నిర్ధారించుకున్నాకే పంపుతాను. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫోటోను ట్రేస్ చేసిన బొమ్మ అయితే నోడ్లు (గీతను కలిపే బిందువులు) వేలల్లో ఉంటాయి; తల గడగడలాడుతూ నడిచి అంచులు రంపంలా వస్తాయి. అటువంటివి తిరిగి టైపు చేయడమే త్వరగా అయ్యే పని.

సైజు తేడా గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. హెచ్‌పీజీఎల్‌లో ఒక యూనిట్ 0.025 మిల్లీమీటరు, సాఫ్ట్‌వేర్‌లో యంత్రం పేరు తప్పుగా ఎంచుకుంటే ఈ లెక్క మారి బొమ్మ పెద్దదో చిన్నదో అవుతుంది. 100 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి గీయించి స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది.

ఎండాకాలంలో కోసిన వెంటనే చెత్త పీకేయాలి. వేడికి జిగురు మెత్తబడి, కోసిన గీత రెండు అంచులూ మళ్లీ అతుక్కుంటాయి. మరుసటి రోజు పీకుతుంటే అక్షరాలు కూడా లేచి వస్తాయి, చూసేవారికి సరిగా తెగలేదేమో అనిపిస్తుంది. ఐమూలగా, ఫిల్మును బాగా వెనక్కి మడిచి లాగాలి. నంబరు ప్లేట్ల పని 2019 ఏప్రిల్ తరువాతి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్ల వైపు వెళ్లిపోయినా, ఆటోలకూ లారీలకూ వెలుగు పడితే మెరిసే రేడియం ఫిల్ము అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫిల్ములో చాలా రకాలకు సన్నని గాజు పూసలుంటాయి. అవి మొనను త్వరగా మొద్దు చేస్తాయి. అందువల్ల దానికి 60 డిగ్రీల బ్లేడును విడిగా ఉంచి, మామూలు వినైల్‌కు 45 డిగ్రీల బ్లేడునే వాడుతూ, రెండు హోల్డర్ల మీదా మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటాను. ప్రెషర్ పెంచడం సబబైన పని ఇదొక్కటే, అదీ తుక్కు ముక్క మీద పది పది గ్రాములుగా పెంచి చూసుకుంటూ.