ఫ్రీ సాఫ్ట్‌వేరే, కానీ గూగుల్లో దొరకాలి కదా

బెర్లిన్‌లో నేను పనిచేసే కంపెనీ చిన్న వ్యాపారాలకు బిల్లింగ్, స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఓపెన్ సోర్స్. కోడ్ మొత్తం గిట్‌హబ్ అనే, కోడ్ పెట్టి పంచుకునే సైటులో ఉంటుంది, ఎవరైనా పైసా కట్టకుండా దించుకుని వాడుకోవచ్చు. మాకు డబ్బులొచ్చేది సపోర్టు తీసుకునేవాళ్ల నుంచి, మా సర్వర్లలో పెట్టించుకునేవాళ్ల నుంచి. నా పని డాక్యుమెంటేషన్, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడం, అది గూగుల్లో వెతికేవాళ్లకు కనబడేలా చూడటం. హన్మకొండలో ఈ రెండో ముక్క చెప్పినప్పుడల్లా మా బాపు ఒకటే అడుగుతాడు, "అంటే గూగులోళ్లకు పైసలు కడతరా?" అని. కట్టం అంటే, "మరి ఊకెనే పైకెట్లొస్తది?" అంటాడు. మా ఆఫీసులో చాలామంది ఇంజినీర్ల కన్నా ఆయనే నయం, అది ఊరికే రాదని ఆయనకు వెంటనే తట్టింది.

మావాళ్లు పనిమంతులే, కాదనను. కానీ మార్కెటింగ్ అంటే మొహం చిట్లిస్తారు. సరుకు మంచిదైతే జనం వాళ్లే వెతుక్కుంటూ వస్తారని గట్టి నమ్మకం. ఎస్ఈవో (వెతికితే మన పేజీ పైకొచ్చేలా చేసే పని) అనగానే వాళ్లకు గుర్తొచ్చేది "మీ సైటుకు వంద బ్యాక్‌లింకులు ఇప్పిస్తాం" అంటూ రోజూ వచ్చిపడే మెయిళ్లు. (వాటిలో కొన్ని అమీర్‌పేట వైపు నుంచే వస్తాయని నా అనుమానం, ఆఫీసులో మాత్రం ఆ ఊసెత్తను.) అలా డబ్బిచ్చి వేరే సైట్ల నుంచి మన సైటుకు వేయించుకునే లింకుల్ని గూగుల్ స్పామ్ కిందే లెక్కేస్తుంది, నేను మాట్లాడేది అది కాదు అని చెప్పడానికే ఒక మీటింగ్ సరిపోయింది.

ఆ మీటింగ్‌లోనే ఎంఎస్ ఆఫీస్ లాంటి పనులే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ సంగతి తీశాను. అది 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది, దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ ఉన్నది కూడా బెర్లిన్‌లోనే. ఓపెన్ఆఫీస్ 2011లో అపాచీ అనే ఇంకో ఓపెన్ సోర్స్ సంస్థ చేతికెళ్లింది, 2014లో 4.1 వచ్చాక చిన్నచిన్న మరమ్మతులు తప్ప పెద్ద వర్షన్ లేదు. అయినా జనం పాత పేరే కొట్టి పాతదే దించుకుంటున్నారు. చివరికి 2020 అక్టోబరులో ఫౌండేషన్ వాళ్లు, లిబ్రే ఆఫీస్ అనేది ఒకటుందని మీ వాడుకరులకు చెప్పండయ్యా అని అపాచీ వైపు వాళ్లకు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. పదేళ్లు కోడ్ రాసి రాసి ముందుకు పోయినవాళ్ల పరిస్థితే అట్లుంటే, మనమెంత? ఎవరూ ఏమీ అనలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు.

అసలు పని మొదలైంది సెర్చ్ కన్సోల్ దగ్గర. ఇది గూగుల్ ఉచితంగానే ఇస్తుంది. జనం ఏ మాటలు కొడితే మన పేజీ ఎన్నిసార్లు కనబడింది, అందులో ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, అన్నీ అందులో తెలుస్తాయి. చూస్తే, మన సాఫ్ట్‌వేర్ పేరు కొట్టి వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు, మిగతావాళ్లు కొట్టేది వాళ్ల బాధని. "బిల్లు నంబరు మధ్యలో తప్పింది" లాంటివి. ఇంకా ఎక్కువగా, తెర మీద వచ్చిన ఎర్రర్ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి వెతుకుతారు. మా డాక్యుమెంటేషన్‌లో అవే ఎర్రర్లకు పరిష్కారాలున్నాయి, కానీ ఎర్రర్ మాత్రం స్క్రీన్‌షాట్‌లో ఉంది! బొమ్మలో ఉన్న అక్షరాల్ని నమ్ముకుంటే పేజీ ఎవరికి దొరుకుతుంది? అందుకే ఒక్కో ఎర్రర్‌నూ అక్షరం పొల్లుపోకుండా హెడ్డింగ్‌గా పెట్టి, కింద కారణం, ఆ కింద సరిచేసే పద్ధతి రాసుకుంటూ పోయాను. విసుగు పుట్టించే పనే, కానీ ఇంతకన్నా ఫలితమిచ్చిన పని నేను ఈ ఉద్యోగంలో ఇంకోటి చేయలేదు.

రెండో తలనొప్పి పాత వర్షన్ల పేజీలు. ఓపెన్ సోర్స్‌లో ప్రతిచోటా ఉండేదే ఇది. పాత వర్షన్ డాక్యుమెంటేషన్‌కు ఏళ్ల తరబడి బయటి నుంచి లింకులు పడి ఉంటాయి, కాబట్టి గూగుల్ దాన్నే పైన పెడుతుంది. కొత్తగా వచ్చినతను అందులోని కమాండ్లు కొడతాడు, పనిచేయవు, గిట్‌హబ్‌కొచ్చి మా మీద కోపంగా ఇష్యూ (ఫిర్యాదు) తెరుస్తాడు. మావాళ్లలో ఒకతను పాత పేజీలన్నీ, వేటిని చదవొద్దో గూగుల్‌కు చెప్పే రోబోట్స్ ఫైల్లో బ్లాక్ చేసేద్దామన్నాడు. అది వినడానికి బాగుంటుంది గానీ, బ్లాక్ చేస్తే గూగుల్ ఆ పేజీని చదవలేదు, చదవకపోతే మనం అందులో పెట్టే సూచనలూ దానికి కనబడవు, పైగా అడ్రసు మాత్రం లిస్టులో మిగిలిపోవచ్చు. అందుకని పాత పేజీలన్నీ తెరిచే ఉంచి, ఒక్కోదాంట్లో "దీని అసలు పేజీ ఫలానా కొత్తది" అని చెప్పే కెనానికల్ ట్యాగ్ పెట్టాం, చదివేవాళ్ల కోసం పైన ఒక పట్టీ కూడా. గూగుల్ దాన్ని ఆజ్ఞలా కాదు, సలహాలా తీసుకుంటుంది. కుదురుకోవడానికి చాలా వారాలు పట్టింది.

ఇదంతా ఒకెత్తు, పోయిన ఎండాకాలం ఇంటికొచ్చి చూసింది ఒకెత్తు. లీవు కొంత, ఇంటి నుంచి పని కొంత అని మాట్లాడుకుని వచ్చాను. మా బావకు హన్మకొండ చౌరస్తా దగ్గర చిన్న కంప్యూటర్ షాపు. ఎరువుల దుకాణాలు, మెడికల్ షాపులు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారులు, వీళ్లందరికీ సిస్టమ్ పెట్టిచ్చి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా బండేసుకుని పోయి సరిచేసి వస్తుంటాడు. ఒక సాయంత్రం, మా సాఫ్ట్‌వేర్ పేరు చెప్పకుండా, నీకు కావాల్సింది ఎట్ల వెతుకుతవో వెతుకు బావా అన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టాడు: "జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ డౌన్‌లోడ్ విండోస్ 7". మాది మొదటి పేజీలోనే కాదు, తర్వాతి పేజీల్లోనూ లేదు. అప్పుడు నేనే మా సైటు తెరిచి చూపించాను. పైన పెద్దక్షరాల్లో ఇంగ్లీషులో "సెల్ఫ్ హోస్టెడ్ మాడ్యులర్ ప్లాట్‌ఫామ్" అని ఉంది. బావ కొట్టిన మాటల్లో ఒక్కటి కూడా ఆ పేజీలో లేదు.

"మంచిగనే ఉన్నట్టుంది గానీ, దీని క్రాక్ ఏడ దొరుకుతది బామ్మర్ది?" అన్నాడు.

"క్రాక్ ఎందుకు బావా, ఇది ఫ్రీయే."

"ఫ్రీ అయితే మరి ఆ ముక్క పేజీ మీద ఎందుకు రాయలే?"

మేం బెర్లిన్‌లో కూర్చుని మా పోటీదారుల జాబితా రాసుకున్నప్పుడు అందులో పెద్దపెద్ద కంపెనీల పేర్లున్నాయి గానీ, పెన్‌డ్రైవ్‌లో తిరిగే క్రాక్ కాపీ, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ, లేదు. వరంగల్‌లో మాకు పోటీ అదే.

ఆ తర్వాత ఇంకోటి జరిగింది. ఈసారి బావ మా సాఫ్ట్‌వేర్ పేరే కొట్టి, పైన కనబడిన ఒక డౌన్‌లోడ్ సైటు నొక్కాడు. మా సైటు దానికింద ఉంది. ఆ సైటులో ఎప్పటిదో పాత వర్షన్, దాంతోపాటు బ్రౌజర్‌కు అతుక్కునే ఏదో టూల్‌బార్. ఇన్‌స్టాల్ అవుతున్నదంతా ఫోన్‌లో వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. మార్కెటింగ్ అంటే మొహం చిట్లించే మా సీనియర్ ఆ రోజే ఫోన్ చేశాడు. 2022 చివర్లో గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో జరిగింది ఆయనకు తెలుసు. గూగుల్లో గింప్ అని వెతికితే పైన అసలు సైటుదే అనిపించే ప్రకటన, నొక్కితే అచ్చం అలాగే ఉన్న నకిలీ సైటు, దించుకుంటే వైరస్. మన పేరు మీద వచ్చే మొదటి ఫలితం మన చేతిలో లేకపోతే అది ఇంకెవరి చేతిలోనో ఉంటుందని నేను చెప్పినప్పుడు చెవికెక్కలేదు, సెక్యూరిటీ అనేసరికి వెంటనే ఎక్కింది. ఎట్లయితేనేం.

డౌన్‌లోడ్ పేజీ మొత్తం తిరగరాశాం. పేజీ టైటిల్‌లో విండోస్, ఉచితం, బిల్లింగ్ అనే మాటలు వచ్చాయి, ఇన్‌స్టాలర్ మా సొంత డొమైన్ నుంచే, పక్కన, దించుకున్న ఫైలు అసలుదో కాదో సరిచూసుకునే చెక్‌సమ్. గిట్‌హబ్‌లో మా కోడ్ ఉండే చోటు (రిపాజిటరీ) పక్కనుండే చిన్న వివరణ, టాపిక్స్, ఏళ్లుగా ఖాళీగా ఉన్నవి నింపాం. అక్కడి పరిచయ పేజీ రీడ్‌మీ మొదటి పేరాలో ఏ టెక్నాలజీతో కట్టామన్నది కిందికి జరిపి, ఇది ఎవరికి దేనికి పనికొస్తుందో పైన రాశాం. కొన్ని నెలలకు మా పేరు కొడితే మా సైటే పైన రావడం మొదలైంది. ఈమధ్య గూగుల్ పైనే ఏఐ జవాబు ఇచ్చేస్తోంది కాబట్టి, చిన్నచిన్న సందేహాల పేజీలకు క్లిక్కులు తగ్గాయి. ఇన్‌స్టాల్ పేజీలకు, ఎర్రర్ పేజీలకు మాత్రం జనం వస్తూనే ఉన్నారు.

ఇప్పుడు తెలుగు పేజీ కోసం పోరుతున్నాను. తెలుగులో వెతికేవాళ్లు లెక్కల్లో కనబడట్లేదు కదా అంటాడు మా మేనేజర్. పేజీయే లేనప్పుడు ఎట్ల కనబడతారు? బావ దగ్గరికొచ్చే ఎరువుల షాపాయన టైపు చేయడు, ఫోన్‌లో మైకు నొక్కి "షాపు లెక్కలు రాసే యాప్" అని మాట్లాడతాడు. ఆఖరికి ప్రయోగంగా కొన్ని పేజీలకు ఒప్పుకున్నారు. బావ షాపు మూసేసరికి రాత్రి పదవుతుంది, చలికాలంలో నాకు అప్పుడు సాయంత్రం ఐదున్నర. ఆఫీసు నుంచి బయటపడే ముందు ఫోన్‌లో మాట్లాడుకుంటాం, ఏ పేజీ ముందు రాయాలో ఆయనే చెబుతాడు. మొదటిది థర్మల్ ప్రింటర్‌లో బిల్లు సగం కట్ అయ్యే సమస్యట, వారంలో సగం ఫోన్లు దాని గురించేనట. ఎర్రర్ ఏమొస్తుందో పంపు బావా అంటే వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, అదీ పక్కకు తిరిగి ఉంది. టైపు చేసి పంపమన్నాను, ఇంకా పంపలేదు.