చెక్క విరిగితేనే చప్పట్లు

ఇవాళ పొద్దున ఒక స్కూల్లో కరాటే డెమో, సాయంత్రం పెద్దవాళ్ల సంఘంలో ఇంకోటి. మధ్యలో కాస్త నిద్ర, చిరిగిన మ్యాట్ అంచుకి టేపు వేయడం. కొత్తేమీ లేని రోజే. కానీ ఎప్పుడూ వేధించే ఆలోచన ఇవాళ మళ్లీ వచ్చింది. డెమోలో జనం చప్పట్లు కొట్టేది ఒక చోట, వాళ్లకి నిజంగా పనికొచ్చేది మరో చోట.

స్కూల్లో నలభై నిమిషాలిస్తామన్నారు. ప్రార్థన, ప్రకటనలు, బహుమతులు అయ్యేసరికి అందులో సగం మిగిలింది. మైకు గరగర. ఇవన్నీ అలవాటే. టైం తగ్గినప్పుడల్లా ముందుగా ఎగిరిపోయేది దెబ్బ తగలకుండా పడటం నేర్పే భాగం. మేం దాన్ని ఉకెమి అంటాం. చెక్కలు పగలగొట్టడం మాత్రం ఎవరూ తీసెయ్యనివ్వరు. వ్యాయామం సారు వచ్చి, "మాస్టారూ, చెక్కలు ముందే కొట్టేయండి, పిల్లలు దానికోసమే చూస్తున్నారు" అన్నారు. ఒక కటా, అంటే వరస తప్పకుండా చేసే కదలికల కూర్పు, అయ్యాక కొడతామని చెప్పి, రెండో కటా తీసేశాను. పడటం మాత్రం ఉంచాను.

మొదట హెయాన్ షోదాన్ అనే కటా చేయించాం. తెల్ల బెల్టు పిల్లలు వరసగా చేస్తుంటే చూడ్డానికి బాగుంటుంది, కానీ వెనక వరసలో ఆవులింతలు మొదలవుతాయి. అందుకే ఆ కటా కథ చెబుతాను. ఒకినావాలో ఇటోసు అంకో అనే గురువు 1901 ప్రాంతంలో కరాటేని బడిలోకి తెచ్చారు. పెద్దవాళ్ల కటాలు పిల్లలకి కష్టమని చిన్నవి ఐదు తయారు చేశారు, వాటికి పినాన్ అని పేరు. ఆయన శిష్యుడు ఫునకోషి వాటినే తర్వాత హెయాన్ అన్నారు. ఫునకోషి కూడా బడిపంతులే. 1922లో టోక్యోలో ఆయన ఇచ్చిన ప్రదర్శనతోనే జపాన్ ప్రధాన భూభాగంలో కరాటేకి దారి పడింది. అంటే మేం చేస్తున్న ఈ డెమో పని చిన్నదేం కాదు అని పిల్లలకి చెప్పి, నాకు నేనూ చెప్పుకుంటాను.

ఇక చెక్కలు. మా సీనియర్ అమ్మాయి కొట్టింది, ఇద్దరు పట్టుకున్నారు. అంగుళం మందం పైన్ పలక. పట్టుకునేవాళ్ల పని ఎవరి కళ్లకీ ఆనదు కానీ సగం పని వాళ్లదే. మోచేతులు బిగించి, ఒళ్లు ముందుకి వాల్చి, మొహం పక్కకి తిప్పాలి. వాళ్ల చేతులు వెనక్కి వెళ్లాయంటే దెబ్బ మెత్తబడుతుంది, పలక విరగదు, కొట్టినవాళ్ల చేయి వాస్తుంది. కొట్టే మనిషి చూపు పలక మీద కాదు, దాని వెనక చోటు మీద ఉండాలి. భయంతో చివరి క్షణంలో చేయి ఆపుకుంటే దెబ్బ మనకే తగులుతుంది.

ఒక్క దెబ్బకి విరిగింది. కేకలు, ఈలలు. అప్పుడు ముందు వరసలో ఒక పాప లేచి, "సార్, దాన్ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే కూడా విరుగుతుందా?" అంది. ఇన్ని డెమోల్లో ఇంత మంచి ప్రశ్న విన్నట్టు గుర్తులేదు. విరగడం చాలా కష్టమని చెప్పి, మిగిలిన పలక తెచ్చి మీద కనిపించే గీతలు చూపించాను. చెక్క నార ఎటు సాగితే చీలిక అటే పోతుంది, కట్టెలు నిలువునా చీల్చినట్టే. నారకి సమాంతరంగా ఉన్న రెండు అంచుల్ని పట్టుకుంటే, దెబ్బకి పలక కొద్దిగా వంగి, వెనక వైపు సాగి, అక్కణ్నుంచి పగులు మొదలవుతుంది.

"అయితే ట్రిక్కా సార్?" అన్నాడు వెనక నుంచి ఒకడు. ట్రిక్కు కాదు, పలకని ఎలా పట్టాలో తెలియడం, ఆగకుండా కొట్టడం అన్నాను. వాడు నమ్మలేదు. నాకు మాత్రం ముచ్చటేసింది. ఈ వివరం చెబితే మ్యాజిక్ పోతుందని మా వాళ్లలో కొందరు అంటారు. పోనివ్వండి. మేం గారడీ చేయడానికి రాలేదు కదా. తర్వాత పిల్లలు మేమూ కొడతామని ఎగబడ్డారు. ఉత్త చేత్తో చెక్కలు కొట్టనివ్వం, ఎముకలు ఇంకా పెరిగే వయసు. మళ్లీ మళ్లీ అతికించుకునే ప్లాస్టిక్ పలక ఉంది, మెత్తటిది, దానితో సరిపెట్టాం.

అసలు పని ఆ తర్వాతే. మా కుర్రాణ్ని నడుం మీద నుంచి ఎత్తి మ్యాట్ మీద వేశాను. చేయి ఫట్టుమని చరిచి లేచి నిలబడ్డాడు. నవ్వులు. ఈ పడే విద్యని జూడోలో చాలా శ్రద్ధగా నేర్పుతారు. 1882లో కొడొకాన్ అనే జూడో బడి పెట్టిన కానో జిగోరో కూడా విద్యారంగం మనిషే, విసరడం కంటే ముందు పడటం నేర్పాలన్నది ఆ బడి పద్ధతి. మాది కరాటే అయినా దాన్ని మొహమాటం లేకుండా వాడుకుంటాం. పిల్లల్ని గొంతుక్కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, పక్కకి దొర్లమన్నాను. నేలకి చేయి నిటారుగా చాచకూడదు, మణికట్టు విరిగేది అలాగే. టీచర్లకి టెన్షన్, పిల్లలకి సరదా. చెక్క ఒక అమ్మాయి కొట్టింది, అందరూ చూశారు. పడటం మాత్రం వరసలో నిలబడి చాలామంది చేశారు.

సాయంత్రం హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒక బామ్మగారు నన్ను చూడగానే, "ఏం బాబూ, మమ్మల్ని కూడా ఎత్తి పడేస్తావా?" అన్నారు. లేదమ్మా, ఇవాళ లేవడమే అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో కింద పడి చనిపోయేవాళ్లు ఏటా సుమారు 6,84,000 మంది, అందులో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ఆ సంఖ్య వాళ్లకి చెప్పలేదు. ఆ వయసులో భయపెట్టి ఏం లాభం.

చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం చూపించాం. పట్టులో బలహీనమైన చోటు బొటనవేలు, అటే లాగాలి. అందరూ పక్కవాళ్ల మీద ప్రయోగించి నవ్వుకున్నారు. "కత్తి పట్టుకుని వస్తే?" అని ఒకాయన అడిగారు. పరిగెత్తండి, లేకపోతే ఏమడిగితే అది ఇచ్చేయండి అన్నాను. ఆయనకి నచ్చలేదు. కత్తి లాక్కునే డెమో నేను ఎక్కడా చేయను, స్కూల్లో అసలే చేయను. రిహార్సల్‌లో కత్తి మనం చెప్పినట్టు వస్తుంది, నిజం కత్తి రాదు.

తర్వాత మా సీనియర్ అమ్మాయి నేల మీద పడుకుని లేచి చూపించింది. ముందు దెబ్బ తగిలిందేమో చూసుకోవాలి, తొందరపడకూడదు. పక్కకి తిరిగి, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, గట్టి కుర్చీ దాకా పాకి, ఒక పాదం ముందు పెట్టి, చేతులతో నొక్కి లేవాలి. మోకాళ్లు బాగున్నవాళ్లు మా వాళ్లని పట్టుకుని చేశారు, మిగిలినవాళ్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం సాధన చేశారు. పొద్దున డెమో కంటే సగం వేగం, చప్పట్లు దాదాపు లేవు. ఒక్కొక్కరూ రెండోసారి అడిగి మరీ చేశారు.

మ్యాట్లు చుడుతుంటే కత్తి గురించి అడిగిన పెద్దాయన దగ్గరికొచ్చి, "లేవడం బాగుంది గానీ మాస్టారూ, వచ్చేసారి ఆ చెక్క కూడా తీసుకురండి" అన్నారు. తెస్తానన్నాను. పలక పట్టుకునేది మీరే అని కూడా చెప్పాను.